మేస్త్రీ కూతురి ఇనుప గోడ

తిరుత్తణిలో ఏకాంబరం మేస్త్రీ ఇంట్లో ఆ ఉదయం ఇడ్లీలకంటే ముందు మాటలు ఉడికాయి.

“రేకుతో డబ్బాలు చేస్తారు, డ్రమ్ములు చేస్తారు. గోడలు చేస్తారా యాడన్నా?” అన్నాడు మేస్త్రీ పీట మీద కూర్చుంటూ.

“నీ కూతురు చేస్తాండాది గదా. పోయి చూసొచ్చి మాట్లాడు,” అంది భార్య వనజాక్షి, పళ్ళెంలో నాలుగు ఇడ్లీలు వేసి.

“చూడకనే చెప్తా. తడితే తప్పెట మాదిరి మోగుతాది.”

“మోగితే మోగనీ. నీకంటేనా?”

నోట్లో ఇడ్లీ ఉండబట్టి మేస్త్రీ అంతటితో ఆగాడు. కాంచన అప్పటికే మొదటి రైలుబండికి వెళ్ళిపోయింది. తిరువళ్ళూరు దాకా నాన్నతో వాదించుకుంటూ పోవడం ఆమెకు ఇష్టం లేదు.

అది 1986. కాంచన పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పట్టాభిరామ్‌లో షెడ్లు కట్టే ఒక కంపెనీలో డ్రాయింగులు గీస్తోంది. తిరువళ్ళూరు స్టేషను దగ్గర మూతపడ్డ వేరుశనగ కంపెనీ ఆఫీసు మేడను సుందరరాజులు అనే ఆసామి కొన్నాడు. మూడంతస్తులది. ఆ చుట్టుపక్కల అంతకంటే ఎత్తయినవి గుడి గోపురం, రాజులుగారి ఆశలు మాత్రమే. పొడుగాటి ఆఫీసు హాళ్ళను సంసారాలుండే వాటాలుగా మార్చాలని ఆయన కోరిక. ఇటుక గోడలు లేపితే ఆ బరువుకు పాత దూలాలు ఆగవు. పల్చటి ఇనుప రేకును వంచి చేసిన ఛానళ్ళు నిలబెట్టి, రెండు పక్కలా సిమెంటు అట్టలు బిగిస్తే బరువు పావువంతు కూడా ఉండదని కాంచన లెక్కగట్టి చూపించింది. కంపెనీవాళ్ళు మొదటిసారి ఒక పనిని పూర్తిగా ఆమె చేతికిచ్చారు.

రాజులు మాత్రం ఒక మెలిక పెట్టాడు. “ముందు ఒక గది కట్టి చూపించమ్మా. మీ నాయన చూసి సరే అనాల. ఏకాంబరం మేస్త్రీ సరే అన్నాడంటేనే ఈ ఊళ్ళో జనం బాడుగకొస్తారు. లేదంటే కూలగొట్టి స్థలం అమ్మేస్తా.”

పోయి పోయి ఆ మేడే కావాలా! ఏకాంబరం తన ఇరవై రెండో ఏట తొలిసారి సొంతంగా చేసిన పని ఆ మేడ మొదటి అంతస్తు గచ్చు. ముప్పై ఏళ్ళుగా రైల్లో పక్కన కూర్చున్న ప్రతివాడికీ చెబుతూనే ఉన్నాడు: “నేను పరిచిన గచ్చు మీద నీళ్ళు పోస్తే, ఎటు పోవాల్నో తెలీక అట్నే నిలబడిపోతాయి.” విన్నవాళ్ళలో సగం మంది తమ స్టేషను రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడేవాళ్ళు.

పది గంటలకు మేస్త్రీ మెట్లెక్కి మొదటి అంతస్తుకు వచ్చేసరికి రాజులు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఇద్దరు ఫిట్టర్లు ఛానళ్ళను గచ్చు మీద వరసగా పరుస్తున్నారు. కాంచన కొంగు నడుముకు దోపుకుని, చేతిలో టేపుతో ఉంది.

“రా నాయనా,” అంది.

మేస్త్రీ వంగి ఛానళ్ళను ఒకదాని పక్కన ఒకటి చేర్చి చూశాడు. మీసం కింద నవ్వు మొలిచింది.

“రాజులయ్యా, ఇట్ల రాండి! ఒకే గోడకు తొమ్మిది ఛానళ్ళు, తొమ్మిది పొడుగులు! ఒకదానికొకటి సరిపోయిందే లేదు. ఇదేనా డిప్లొమా చదువు? మా దగ్గర ఇసక మోసే మునెమ్మ కూడా దీనికంటే బాగా కొలుస్తాది.”

“ఏమ్మా, కొలత తప్పినావా?” అన్నాడు రాజులు.

కాంచన ముఖం ఎర్రబడింది. తండ్రి వంక చూసింది.

“తప్పే అనుకోండి అయ్యా,” అంది మెల్లగా. “నిలబెట్టినాక సరిగ్గానే ఉంటాది. ఒక గంట టైమీండి.”

“తప్పని నువ్వే అంటాండావు, ఇంకేం గంట?” రాజులు లేచాడు. “కూలగొట్టేవాళ్ళను రేపే రమ్మంటా.”

గెలిచిన మేస్త్రీకి సంతోషంగా ఉండాలి. కానీ మనసులో ఏదో కలుక్కుమంది. కాంచన ఒక మాటకు నాలుగు మాటలు అనే పిల్ల. బడిలో అయ్యవారు తప్పన్న లెక్కను కూడా ఒప్పని తేలేదాకా వదల్లేదు. అలాంటిది ఇంత తేలిగ్గా తప్పు ఒప్పేసుకుంటుందా?

“ఉండండయ్యా. ఎంత తప్పిందో తేల్చేస్తా,” అని సంచిలోంచి నీళ్ళ ట్యూబు తీశాడు. సన్నని ప్లాస్టిక్ గొట్టం అది. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. మేస్త్రీలకు దానికి మించిన సాక్షి లేదు.

“వద్దు నాయనా!” అంది కాంచన గాబరాగా.

ఆయన వినలేదు. ఒక కొస ఫిట్టరుకిచ్చి, రెండోది పట్టుకుని హాలు అవతలికి పోయాడు. రెండు చోట్లా నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీశాడు. గీతనుంచి పైకి కొలిస్తే రెండు పక్కలా ఒకటే. పైకప్పు సాపుగానే ఉంది. అది అప్పటి పెద్దమేస్త్రీ పోసింది. ఇక కిందికి కొలిచాడు. ఈ పక్క మూడడుగులు. ఆ పక్క మూడడుగుల ఒకటిన్నర అంగుళం.

మళ్ళీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. నీళ్ళకు మొహమాటం తెలియదు.

పల్లంగా ఉన్నది గచ్చు. తను పరిచిన గచ్చు. ఆ పల్లాన్ని పూడ్చడానికే ఛానళ్ళు ఒకదానికంటే ఒకటి కాస్త కాస్త పొడుగవుతూ పోయాయి. గోడ నిలబడి ఉంటే సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

“నీకు ఎప్పట్నించి తెలుసు పాపా?” అన్నాడు గొంతు తగ్గించి.

“కొలతలు తీసిన రోజే.”

“చెప్పుంటే నీ పనైనా నిలిచేది గదా!”

“పని ఇంకోటి దొరుకుతాది. నువ్వు రైల్లో ఏం చెప్పుకుంటావు నాయనా?”

మేస్త్రీకి కళ్ళనీళ్ళు ఆగలేదు. నలుగురి ముందు తను నోరు పారేసుకుంటే, కూతురు ఆ నిందను నెత్తిన వేసుకుని నిలబడింది. సిగ్గూ గర్వమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తుండుతో మొహం తుడుచుకుని, విసుగెత్తి మెట్లు దిగబోతున్న రాజుల్ని కేకేశాడు.

“అయ్యా, నిలబడండి! తప్పు ఛానళ్ళది కాదు, నా గచ్చుది. ఒకటిన్నర అంగుళం పల్లముండాది. ఈ పిల్ల కనిపెట్టి, నా పేరు పోకూడదని మూసిపెట్టింది. ఈ గోడకు నేను పూచీ.”

రాజులు వెనక్కి వచ్చాడు. “మరి నిలబడిపోయిన నీళ్ళ కథ?”

“యాడ నిలబడినాయయ్యా, ఎప్పుడో పారిపోయుంటాయి!”

రాజులు పగలబడి నవ్వాడు. ఫిట్టర్లూ నవ్వారు. కాంచన నవ్వుతూనే ఏడ్చింది.

“సరి, అన్ని వాటాలూ కట్టండి,” అన్నాడు రాజులు. “పనికి పెద్దమేస్త్రీ ఎవరని రాసుకోవాల? నువ్వేనా?”

“కాంచన అని రాయండి,” అన్నాడు ఏకాంబరం. చొక్కా విప్పి కిటికీకి తగిలించి, పంచె ఎగ్గట్టి, కూతురి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“మొదటి ఛానలు యాడ నిలబెట్టాల మేస్త్రీ?”