ఖలాస్ అన్న మాట

ఎడారి అరబ్బు దేశంలోని అల్ ఐన్‌లో జూలై నెల మధ్యాహ్నం. ఆకాశం నీలంగా కాదు, కాగిన పాల మీది మీగడలా తెల్లగా ఉంది. పన్నెండున్నరకి ముదీర్, అంటే సైటు మేనేజరు, ఈల ఊదాడు. ఎండాకాలం మూడింటి దాకా ఎవరూ పని ముట్టుకోకూడదు, సర్కారు రూలు. పాత అరబ్బు ఇంటిని బాగుచేస్తున్న కూలీలు, మట్టి కలిపేవాళ్లూ, దూలాలు ఎక్కించేవాళ్లూ, రేకుల షెడ్డులో కూలర్ ముందు చేరి, కాసేపట్లోనే గురకలు మొదలెట్టారు.

నరేశ్ ఒక్కడే లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఏడికి రా?" అన్నాడు లింబాద్రి, కళ్లు తెరవకుండానే. నిర్మల్ దిక్కు పెద్ద మేస్త్రీ. నరేశ్‌కి పని నేర్పింది ఆయనే.

"నవతతోటి మాట్లాడాలె మామా. ఈడ మీ గురకలల్ల ఏమినబడ్తది? పాతింట్ల సల్లగుంటది."

"మిట్టమధ్యాన్నం ఆ ఇంట్లకు ఒక్కనివే పోకు."

"దయ్యాలకు గూడ మూడు దాంక బ్రేకే మామా."

ఆ మాటకి పక్కనెవరో నిద్రలోనే కిసుక్కున నవ్వారు. లింబాద్రి నవ్వలేదు. మోచేతి మీద లేచి గొంతు తగ్గించాడు.

"ఆ ఇంటి ముసలాయన సంగతి తెల్వదు నీకు. ఖర్జూరం యాపారం పడిపోయినంక కొడుకులు బంజెయ్యుమన్నరు. మూడేండ్లు ఉత్త సంచుల నడుమ కూసున్నడట. 'ఒక్కసారి ఖలాస్ అను బాబా' అని కాళ్లు పట్టుకున్నరు. అనలే. అనకుంటనే పానం ఇడిసిండు, ఆ అర్రలనే."

నరేశ్‌కి భయం వేయలేదు. ఎందుకో ఆ ముసలాయన మీద జాలేసింది. తనూ అలాంటివాడే కదా! మెట్‌పల్లిలో మొదట కోళ్ల ఫారం పెట్టాడు, తర్వాత మొబైల్ షాపు, ఆఖరికి ఖర్జూర దుకాణం. తెరిచిన నెలకే కరోనా లాక్‌డౌన్ వచ్చి, పండంతా పురుగు పట్టింది. అన్నీ మునిగాయి. కలలు మాత్రం మునగలేదు.

లింబాద్రి చెప్పిన ఆ అర్ర ఇంటి వెనక గది; అరబ్బులు దాన్ని మద్బసా అంటారు. కిటికీ లేదు. నేలంతా నాగటి చాళ్లలా గట్లు, గట్ల మధ్య కాలువలు. ఒకప్పుడు ఆ గట్ల మీద ఖర్జూరం సంచులు దొంతరగా పేర్చేవారట. బరువుకీ వేడికీ పాకం బొట్టుబొట్టుగా కారి, మూలనున్న కుండలోకి చేరేది. నలభై ఏళ్లుగా ఆ కాలువల్లో దుమ్ము తప్ప ఏమీ లేదు. రేపు దాన్ని తవ్వి సాపు చేయాలి.

నరేశ్ చల్లటి గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. బయట ఎండ తలుపు సందులోంచి సన్నటి గీతలా పడుతోంది. ఆ గీతను చూస్తూ మళ్లీ కల కన్నాడు... గాజు సీసాలు, వాటిలో తేనె రంగు పాకం, పైన నవత పేరుతో లేబుల్.

ఫోన్ మోగింది. ఊరి నుంచి భార్య నవత.

"ఏం జేస్తున్నవ్?"

"నీ గురించే అనుకుంటున్న. నవతా, ఓ మాట చెప్తే కోపం చెయ్యవు గద? ఖర్జూర పాకం..."

"ఆపు!" అంది నవత. "నాకిప్పుడు అయిదో నెల. మల్ల దుకాణం పేరెత్తినవనుకో, నేను మా అమ్మోళ్లింటికి పోత. మల్ల రాను. పుట్టిన బిడ్డను ఫోన్లనే సూసుకో."

ఆమె ఉత్తుత్తిగా బెదిరించే మనిషి కాదు. నరేశ్‌కి ఎన్నేళ్లుగానో గుప్పిట్లో పట్టుకున్నది ఏదో, వేలు వేలు విప్పి వదిలేసినట్టనిపించింది.

"సరే. ఇడిసిపెట్టిన. నీ మీద ఒట్టు. దుకాణం ఖలాస్."

"ఖలాస్?"

ఆ అడిగింది నవత కాదు.

చెవి వెనక. గోడ లోపలి నుంచి. ఎండిపోయిన మగ గొంతు... రోజూ పొద్దుగూకాక, పని అయిపోయిందా అని ముదీర్ అడిగినట్టే. సైటులో ఆ మాటకి మనసు కాదు, నాలుకే జవాబు చెబుతుంది. బరువు మోసేవాడు అలసిపోతే రెండోవాడు వచ్చి "ఖలాస్?" అంటాడు. మొదటివాడు "ఖలాస్" అంటాడు. నాది అయిపోయింది, ఇక నువ్వు పట్టు అని.

"ఖలాస్," అనేశాడు నరేశ్.

అన్నాక తెలిసింది, ఏమన్నాడో.

టప్... మూలన ఏదో కారింది. టప్... టప్. గదంతా తీపి వాసన, ముక్కుపుటాలు మూసుకుపోయేంత తీపి. కాళ్ల కింద తడి. వెచ్చగా ఉంది, నెత్తురులా. వంగి చూశాడు. పక్క కాలువలో నల్లగా, మెల్లగా, పాకం పారుతోంది. సంచుల్లేవు. పైన ఏమీ లేదు. అయినా పారుతోంది.

అతని భుజం మీద ఉన్న ఏదో బరువును ఎవరో సుతారంగా దించుకున్నారు. వేళ్లు తగిలాయి.

"యల్లా," అంది గొంతు, సంతోషంగా. "నువ్వు పో బేటా."

ఫోన్ చేతిలోంచి జారింది. నరేశ్ తలుపు గుద్దుకుని, ఎండలో పడి, షెడ్డు దాకా చెప్పుల్లేకుండా పరుగెత్తాడు.

లింబాద్రి నీళ్లు తాగించాడు. నరేశ్ గ్లాసు పక్కకి నెట్టాడు. "నవతకు చెయ్యి మామా... నీ ఫోన్ల కెల్లి చెయ్యి."

చేశారు. బిజీ. మళ్లీ చేశారు. బిజీ. గంటసేపు బిజీయే. ఆ గదిలోకి వెళ్తామన్నవాడు ఒక్కడూ లేడు. చివరికి లింబాద్రి దేవుణ్ని తలుచుకుని వెళ్లి ఫోన్ తెచ్చాడు. లోపలంతా పొడి దుమ్మే అన్నాడు. ఒక్క చుక్క తడి లేదట.

కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. గంటా పన్నెండు నిమిషాలు.

నరేశ్ చెవికి ఆనించాడు. అవతల నవత, సన్నగా, సిగ్గుగా నవ్వుతోంది.

"ఆఁ... అట్లనే. ఎవలకూ చెప్ప."

"నవతా!"

నవ్వు ఆగింది. "గట్లెందుకు ఒర్రుతున్నవ్? ఇప్పటిదాంక ముద్దుగ మాట్లాడినవ్ గద."

"నేను... నేను మాట్లాడలే నవతా."

"మస్కిరిలా? పుట్టేటోనికి ఓ అర్ర కావాలె, సామానంత తీసి ఖాళీ చెయ్యుమన్నవ్. మెల్లమెల్లగ అన్నీ బయట పెట్టిన. నడుం నొస్తుంది. జెర ఊడ్సి కూసుంటనుకున్న, అంతే..." ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు నెట్టినట్టు కిర్రుమంది, తెరుచుకోలేదు. మళ్లీ నెట్టింది.

"నవతా, ఇంట్లకెల్లి బయటికి రా. ఉర్కు!"

ఆమె ఊపిరి వెనక, ఆ తలుపు అవతల ఎక్కడో, టప్... టప్... అని వినిపించింది. తర్వాత ఆమె, ఎవరో వింటారన్నట్టు, గుసగుసగా అడిగింది.

"ఏమయ్యా... ఇంట్ల నేను తప్ప ఎవ్వల్లేరు. ఖాళీ అర్రకు లోపట్నించి గొళ్లెం ఎవలు పెట్టిన్రు?"