మధ్యాహ్నం రెండూ పదికి ఏడ్చిన కారు

సాయంత్రం నాలుగూ ఇరవైకి షెడ్డు షట్టర్ పైకి లేచింది.

లేపింది కూతురు. ముందు పొగ కనిపించింది. తర్వాత బూడిదరంగు కారు. ఆ తర్వాత, కారు కింద నుంచి బయటికి చాచి ఉన్న రెండు కాళ్లు.

"నాన్నా, లే. టీ తెచ్చాను" అంది.

ఆ కాళ్లు కదల్లేదు.

పెద్దమేస్త్రి ప్రాణం పోయి అప్పటికే గంట దాటిందని డాక్టర్ తేల్చాడు. కారణం ఇంజిన్ పొగ. తాళం చెవి ఆన్‌లోనే ఉంది. పెట్రోలు అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది. శవం చేతి దగ్గర పానా, పక్కన ఖాళీ ట్రే.

ఎస్సై రెండు పేరాల్లో రిపోర్టు ముగించేశాడు. గేర్‌బాక్స్‌లో ఫ్లూయిడ్ మార్చాక లెవెల్ చూడాలి. దానికి ఇంజిన్ నడవాలి, ఫ్లూయిడ్ వేడెక్కాలి. వేడెక్కేదాకా మేస్త్రి కారు కింద కాచుకున్నాడు. ఈలోగా పొగ పట్టేసింది. ప్రమాదం. షట్టర్ దించినది మృతుడి కూతురు.

ఆ చివరి వాక్యం దగ్గర ఇన్‌స్పెక్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అంత సాఫీగా సాగిపోయే రిపోర్టులంటే ఆమెకు ఒళ్లుమంట. పైగా ఆ వాక్యం ఒక పిల్ల నెత్తిన జీవితాంతం కూర్చునే వాక్యం. అది ఎస్సైకి తట్టనే లేదు.

నాలుగో రోజు ఉదయం ఆమె స్వయంగా షెడ్డుకి వెళ్లింది.

కూతురికి పాతికేళ్లుంటాయి. గోళ్లలో గ్రీజు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నాలుగు రోజులుగా కంటికి కునుకు లేదని చూడగానే తెలుస్తోంది.

"షట్టర్ ఎన్నింటికి దించావమ్మా?"

"ఒంటిగంటన్నరకి మేడమ్, ఇంటికి పోతూ."

"ఎందుకు?"

"ఎండ నాన్న మొహం మీద పడుతోందని. రోజూ అన్నం తిని చక్రాల పలక మీదే ఓ కునుకు తీస్తాడు. కార్ల కిందకి దూరడానికి వాడేదే, అదిగో, అది. ఆ రోజు మాత్రం అన్నం ముట్టలేదు. ఏమైందంటే, సాయంత్రం చెప్తాలే అన్నాడు."

"అప్పుడు కారు నడుస్తోందా?"

"లేదు. ఆగి ఉంది. నాన్న కారు పక్కన పడుకుని ఉన్నాడు."

"వెనక తలుపు?"

"తీసే ఉంచాను, ఇటుక అడ్డంపెట్టి. తిరిగొచ్చేసరికి మూసి ఉంది. గాలికి పడి ఉంటుందన్నాడు మామయ్య."

"ఇటుకని కూడా తోసేసే గాలా?"

ఆ ప్రశ్న అమ్మాయి చెవికి ఎక్కలేదు. "నేను షట్టర్ దించకపోతే నాన్న ఉండేవాడు మేడమ్. కళ్లు మూస్తే చాలు, ఆ షట్టర్ జర్రుమని దిగుతుంది. మళ్లీ లేచి కూర్చుంటాను."

ఓదార్చడం ఇన్‌స్పెక్టర్‌కి చేతకాదు. అందుకే ఇంకో ప్రశ్న వేసింది. "ఈ ఫ్లూయిడ్ పని ఎలా చేస్తారో నాకు మొదట్నుంచీ చెప్పు."

పని మాట ఎత్తగానే అమ్మాయి నిటారుగా కూర్చుంది. "ఇది సీవీటీ కారు మేడమ్. మామూలు గేర్లుండవు. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఆ బెల్టు జారకుండా పట్టు నిలబెట్టేది ఫ్లూయిడే. దీనికి పచ్చ రంగుదే పొయ్యాలి. ఆ ఎర్ర డ్రమ్ములోది మామూలు ఆటోమేటిక్ కార్లకి. దీంట్లో పోస్తే రెండు మూడు రోజులు బాగానే నడిచినట్టుంటుంది. తర్వాత బెల్టు జారుతుంది. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు."

"పాత ఫ్లూయిడ్ ఏం చేస్తారు?"

"జార్‌లో పట్టి కొలుస్తాం. ఎంత దిగితే అంతే కొత్తది పొయ్యాలి. బండి నడిపి చూసి, అంతా బాగుందనుకునేదాకా పాతది పారబొయ్యం. నాన్న రూలు అది."

జార్ బెంచీ మీద ఉంది. కిరోసిన్‌తో కడిగి, బోర్లించి ఉంది.

"ఇది నువ్వు కడిగావా?"

"లేదు మేడమ్." అమ్మాయి దాన్ని అప్పుడే చూసింది.

చిన్నమేస్త్రి పది గంటలకు వచ్చాడు. పోయినాయనకి బావమరిది, అమ్మాయికి మేనమామ. ఇరవై రెండేళ్లుగా ఆ షెడ్డులోనే పని. మనిషి సగమైపోయాడు. కూర్చోమంటే కారు వైపు వీపు తిప్పి కూర్చున్నాడు.

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"పన్నెండున్నరకే స్పేర్ పార్ట్స్ షాపులకి బయల్దేరాను మేడమ్. నాలుగున్నరకి వచ్చాను. అప్పటికే జనం."

"పన్నెండూ యాభై ఐదుకి మీ బావ మీకు ఫోన్ చేశాడు. ఏమన్నాడు?"

"బ్రేక్ ప్యాడ్లు తెమ్మన్నాడు."

"తెచ్చారా?"

"ఆ గొడవలో ఎక్కడ పెట్టానో..."

షెడ్డు పక్క కొట్టులో దర్జీ ఉన్నాడు. అడక్కముందే మొదలుపెట్టాడు.

"అది దయ్యం పట్టిన కారు మేడమ్. దాన్ని పంపించేయండి. ఆ రోజు నా చెవులతో విన్నాను."

"ఏం విన్నారు?"

"ఆడమనిషి ఏడుపు. గోడవతల నుంచి. సన్నగా మొదలై పైకి, పైకి పోయింది. ఊపిరి తీసుకోకుండా ఏడ్చింది మేడమ్. మనిషన్నాక మధ్యలో ఊపిరి తీసుకోదూ?"

"టైమ్?"

"రేడియోలో రెండు గంటల వార్తలు అప్పుడే అయిపోయాయి. రెండూ పది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి ఇంటికి పోయాను."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఆ టైమ్ రాసుకుంది. ఒంటిగంటన్నరకి నిశ్శబ్దం. రెండూ పదికి ఏడుపు.

కారు డ్రాయింగ్ మాస్టారిది. మూడు నెలల కిందట ఆయన భార్య అది నడుపుతూనే పోయింది. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో కారు నిలిచిపోయింది. లారీ వచ్చి గుద్దింది. డ్రైవర్ కంగారుపడి బండి ఆపేసిందని అప్పటి రిపోర్టు. కారు రెండున్నర నెలలు బాడీ షాపులో పడుంది. గేర్‌బాక్స్ జోలికి ఎవరూ పోలేదు.

"ఆ కారు ఇంకా అమ్మలేదా అని అందరూ అడుగుతారు" అన్నాడు మాస్టారు. "అమ్మలేకపోయాను. ఇంటికి తెచ్చాక సన్నగా మూలుగుతోంది. పెద్దమేస్త్రికి చూపించాను. ఆ రోజు ఒంటిగంటకి ఫోన్ చేశాడు. సాయంత్రం రండి సార్, ఒకటి చూపించాలి అన్నాడు. ఆయన గొంతు బాగాలేదు."

"ప్రమాదానికి ముందు కారు సర్వీసింగ్ ఎక్కడ?"

"ఇక్కడే. మూడు రోజుల ముందు. ఫ్లూయిడ్ కూడా మార్చారు. పెద్దమేస్త్రి ఊళ్లో లేడు. చిన్నమేస్త్రే చేశాడు."

ఐదో రోజు ఉదయం ఒక టెక్నీషియన్ కారు కింద దూరి పావుగంట ఉన్నాడు. ఏం చూశాడో ఇన్‌స్పెక్టర్ చెవిలో మాత్రమే చెప్పాడు. ట్యాంకులో కాస్త పెట్రోలు పోశాడు.

పదకొండు గంటలకు అందరూ షెడ్డులో ఉన్నారు. కూతురు, చిన్నమేస్త్రి, మాస్టారు, గడపకి అవతల దర్జీ. షట్టర్ ఎత్తి ఉంది, వెనక తలుపూ తీసి ఉంది. అయినా ఎందుకో ఆ గదిలో గాలి ఆడుతున్నట్టు లేదు.

"ఈ కారు ఒక్క నిమిషం స్టార్ట్ చేయిస్తాను. ఎవరూ మాట్లాడకూడదు."

కానిస్టేబుల్ తాళం తిప్పాడు.

మొదట మామూలు ఇంజిన్ చప్పుడే. ఐదు సెకన్లు. పది. అప్పుడు కారు కడుపులోంచి వచ్చింది అది. సన్నగా, ఆడగొంతులా. పైకి పాకింది. ఇంకా పైకి. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. కారణం తెలిసి కూడా ఇన్‌స్పెక్టర్ ఓ అడుగు వెనక్కి వేసింది. దర్జీ అప్పటికే వీధిలో ఉన్నాడు. మాస్టారు రెండు చేతులతో బెంచీ పట్టుకున్నాడు.

ఇద్దరు ఒకేసారి అరిచారు.

"ఆపండి! బాక్స్‌లో చుక్క లేదు! నూనె లేక పంపు గాలి పీలుస్తోంది, బెల్టు పాడైపోతుంది, ఆపండి!"

అది కూతురు.

"ఆపండి... ఆవిడ ఏడుస్తోంది... ఆపండి!"

అది చిన్నమేస్త్రి. చెవులు రెండూ మూసుకుని గోడకి అతుక్కుపోయాడు.

ఇంజిన్ ఆగింది.

"ఎవరు ఏడుస్తున్నారు?" అంది ఇన్‌స్పెక్టర్.

చిన్నమేస్త్రి చెవుల మీంచి చేతులు తీశాడు.

"ఈ అమ్మాయి పని నేర్చుకుని నాలుగేళ్లు. నువ్వు ఇరవై రెండేళ్ల మేస్త్రివి. ఆ పిల్లకి పంపు వినిపించింది. నీకు ఆడమనిషి ఎందుకు వినిపించింది?"

టెక్నీషియన్ కారు కింద దూరి, నూనె దింపే డ్రెయిన్ ప్లగ్ విప్పాడు. ట్రేలో గరిటెడు నూనె పడింది. ఎర్రది.

"అందరం ఒక్కటి మర్చిపోయాం" అంది ఇన్‌స్పెక్టర్. "లెవెల్ చూడాలంటే ముందు ఫ్లూయిడ్ పొయ్యాలి. పెద్దమేస్త్రి పొయ్యలేదు. ఎర్ర నూనె దిగగానే ఆయనకి అర్థమైపోయింది, కూడలిలో ఏం జరిగిందో. మాస్టారికి చూపించాలని బాక్స్ అలాగే వదిలేసి, దుమ్ము పడకుండా ప్లగ్ బిగించాడు. జార్ బెంచీ మీద పెట్టాడు. ప్లగ్ బిగించి ఉండేసరికి, పని అయిపోయిందనుకున్నాడు తర్వాత వచ్చినవాడు. కొత్త నూనె డబ్బాల్లో కాదు, డ్రమ్ములోంచి వచ్చేదే కాబట్టి పోశారో లేదో పైకి తెలీదు. జార్ కడిగాడు. పానా, ట్రే పెట్టి లెవెల్ చూస్తున్నట్టు సర్దాడు. పలకకి చక్రాలున్నాయి, కాలితో తోస్తే చాలు. తాళం తిప్పాడు. ఆ చప్పుడు పది సెకన్లు వింటే ఏ మేస్త్రికైనా తెలిసిపోవాలి, బాక్స్ ఎండిందని. తన తప్పు తెలుసుకుని, నూనె పోసి సర్దుకునేవాడు. కానీ అతనికి పంపు వినిపించలేదు."

కూతురు నెమ్మదిగా అంది. "నాన్న స్టార్ట్ చెయ్యలేదు. ఎండిన బాక్స్‌ని నాన్న స్టార్ట్ చెయ్యడు." తర్వాత మేనమామ వైపు తిరిగింది. "మామయ్యా?"

ఆ ఒక్క పిలుపుకి అతను కూలబడ్డాడు.

"పచ్చ డ్రమ్ము ఆ రోజు ఖాళీగా ఉందే తల్లీ. ఎర్రది పోశాను. నెలలోగా మార్చేద్దాంలే అనుకున్నా. మూడో రోజే ఆవిడ... అప్పట్నుంచీ ఏ కారు కింద దూరినా ఆ గొంతే. మీ నాన్న ఫోన్లో తిట్టలేదు. సాయంత్రం మాస్టారికి ఇద్దరం కలిసి చెబుదాం, నేను నీ పక్కనుంటా అన్నాడు. జార్ తీసుకుని పోదామనే వచ్చాను. జార్ పోయినా బావ చెప్పక మానడు కదా అనిపించింది. కారు తాళం తిప్పాను. అది ఏడవడం మొదలుపెట్టింది. ఇటుక తన్నేసి, వెనక తలుపు లాగేసి పరిగెత్తాను."

"తిరిగొచ్చి ఆపి ఉండొచ్చు."

"ఉండొచ్చు" అన్నాడతను.

మాస్టారు కారు దగ్గరికి వెళ్లి పైకప్పు మీద చెయ్యి వేశాడు. "ఆ పొద్దున మేం పోట్లాడుకున్నాం. కావాలనే ఆపేసిందనుకున్నాను, మూడు నెలలుగా. తను యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉందన్నమాట." ఆయన అక్కడే, అందరి ముందూ, బావురుమని ఏడ్చాడు.

చిన్నమేస్త్రిని జీపెక్కించారు. మేనకోడలి వైపు చూడాలని రెండుసార్లు ఆగాడు. ఆమె తలెత్తలేదు.

"మేడమ్, నాన్నకి తెలిసిందా? మధ్యలో లేచాడా?"

"డాక్టర్‌ని నేనూ అదే అడిగానమ్మా. లేవలేదు. ఇంజిన్ చప్పుడుకి లేచే మనిషి కాదు కదా."

"కాదు. ఆ చప్పుడుంటేనే బాగా పడుకునేవాడు."

"నువ్వు ఎండకి అడ్డంగా షట్టర్ దించావు. గాలి కోసం వెనక తలుపు తీసి ఉంచావు. ఆయన హాయిగా పడుకున్నాడు. నువ్వు చేసింది అంతే. రిపోర్టులో ఆ ముక్క నేనే మార్చి రాస్తాను."

అమ్మాయి తలూపి, టైర్ల దొంతి పక్కన కూలబడింది. కానిస్టేబుల్ పంచనామా రాయడం మొదలుపెట్టాడు. తాళం చెవి ఒకటి. జార్ ఒకటి. ట్రే ఒకటి, అందులో ఎర్రని నూనె. పదకొండూ యాభైకి రాత పూర్తయింది. సంతకం కోసం కాగితాలు పట్టుకుని అమ్మాయి దగ్గరికి వెళ్లాడు.

ఆమె టైర్ల మీద తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. ఐదు రోజుల తర్వాత మొదటి నిద్ర.

"లేపమంటారా మేడమ్?"

"వద్దు" అంది ఇన్‌స్పెక్టర్. స్టూలు లాక్కుని, ఎండ ఆ మొహం మీద పడకుండా అడ్డంగా కూర్చుంది.