తెల్ల సాక్సుల పరీక్ష

"మీ కుక్క మా పిల్లికి పేలు అంటించింది!"

మెట్ల మీద దారికి అడ్డంగా నిలబడి పై వాటాలోని లాండ్రీ అమ్మాయి అన్న మొదటి మాట అది. కింది వాటాలో ఉండే వాచీ మెకానిక్ ఆమె కళ్ళను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. కోపంగా ఉన్నా బాగున్నాయి.

"మా బన్ను బుద్ధిమంతుడండీ. మీ మహారాణే ఊరంతా తిరుగుతుంది."

"అదేంటి, ఆ వాసన?"

"వెనిగర్ నీళ్ళతో స్నానం చేయించాను. పేలు రాకుండా."

"స్నానం చేయించారా, ఊరబెట్టారా?"

బన్ను సిగ్గుతో తల దించుకుంది.

ఇంటి ఓనరు బామ్మ తలుపు తీసింది. "పేలా? నా ఇంట్లోనా? ఆదివారం లోగా ఏ జంతువు తెచ్చిందో తేల్చండి. అది ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే."

మెకానిక్ బన్ను మెడపట్టీ గట్టిగా పట్టుకున్నాడు. బన్ను వెళితే తనూ వెళ్ళాలి. ఈ మెట్ల మీద తిట్లు కూడా దక్కవు.

ఆ సాయంత్రం అమ్మాయే దిగొచ్చింది, చేతిలో సన్నపళ్ళ దువ్వెన, సబ్బు నీళ్ళ గిన్నె.

"వెనిగర్ మానండి. రోజూ దువ్వి, దువ్వెన ఈ నీళ్ళలో ముంచండి. పేలు మునుగుతాయి. దిండుగలీబులూ దుప్పట్లూ నాకివ్వండి, వేడినీళ్ళలో ఉతుకుతాను."

"శత్రువుకి సాయమా?"

"మీ కుక్క మీద జాలి. మీ మీద కాదు."

రోజూ దువ్వారు. బన్నుని ఆమె, మహారాణిని అతను. పిల్లి రక్కినా అతను నవ్వుతూనే ఉండటం ఆమెకు అనుమానంగా ఉండేది.

"ఇంట్లో ఇంకా ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు శనివారం.

"తెల్ల సాక్సులు వేసుకుని నడవాలి. ఇవి తలపేల్లా కాదు, గెంతే రకం; కాళ్ళ వేడికి ఎగిరి ఎక్కుతాయి. తెలుపు మీద నల్లగా కనిపిస్తాయి."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ సాక్సులతో రెండు వాటాలూ తిరిగారు. ఒక్క నల్లచుక్కా లేదు. కానీ బామ్మకి ఎవరో ఒకరి పేరు చెప్పాలిగా! అదే సాక్సులతో వెళ్ళి ఆమె ముందుగదిలో, వాలుకుర్చీ పక్కన తివాచీ మీద నిలబడ్డారు.

"తప్పు మా బన్నుదే బామ్మగారూ," అన్నాడతను గబుక్కున.

"అబద్ధం! మా మహారాణిదే," అందామె.

"మీరు ఊరుకోండి."

"మీరే ఊరుకోండి. మీరు వెళ్ళిపోతే నేనెవరితో పోట్లాడాలి?"

అన్నాక నాలిక్కరుచుకుంది. అతను ఏదో అనబోయి ఆమె పాదాల వైపు చూసి ఆగిపోయాడు. తెల్ల సాక్సు మీద ఒక నల్లచుక్క. చూస్తుండగానే రెండోది. ఇవి తివాచీ మీంచి వస్తున్నాయి!

అతను వాలుకుర్చీ మీది దిండు ఎత్తాడు. దానికి రెండు రంగుల బొచ్చు అంటుకుని ఉంది. గోధుమ రంగు బన్నుది. తెలుపు మహారాణిది.

బామ్మ కళ్ళజోడు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"మీరిద్దరూ పనికి పోయాక మధ్యాహ్నాలు వస్తాయి," అంది చివరికి. "చెరో పక్కా పడుకుంటాయి. ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఇక్కడ కలిసే అంటించుకున్నాయని తెలిస్తే తప్పు నా మీదకొస్తుందని మీ మీద అరిచాను."

అమ్మాయి దిండు తీసి చంకలో పెట్టుకుంది. "వేడినీళ్ళలో ఉతికి తెస్తాను. బన్నూ మహారాణీ మాత్రం వస్తూనే ఉంటాయి బామ్మగారూ."

"మరి ఖాళీ చెయ్యడం?" అన్నాడతను.

"ఎవరయ్యా అన్నది?" అంది బామ్మ.

అతను జేబులోంచి వాచీలు బాగుచేసే సన్న పట్టకారు తీసి, భూతద్దం కంటికి పెట్టుకుని, పేలు ఏరడానికి అమ్మాయి పాదాల దగ్గర చతికిలబడ్డాడు.

"దొరికాయా?" అందామె.

"ఎప్పుడో దొరికాయి."

"మరి లేవరేం?"

"మీరు లేకపోతే నాకూ పోట్లాడటానికి ఎవరూ లేరు. అది చెప్పే ధైర్యం ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాను."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బామ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"మెల్లగా వెతుక్కో నాయనా. తొందరేం లేదు."