దొడ్డతీగ కిన్నెర

చంటిపిల్లను చంకలో వేసుకుని ఆమె జనగామలోని ఆ మేడమెట్లు ఎక్కేసరికి ఎండ నడినెత్తిన ఉంది. డిటెక్టివ్ చంద్రమౌళి గది ముందు నిలబడి తలుపు కొట్టలేదు, పిలవలేదు. గోడకు చేరగిలబడి అలాగే కూలబడింది. సహాయకుడు ప్రతాప్ చూసి పరుగున వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. తన గొంతు తడుపుకోకముందే ఆమె పిల్ల పెదాలు తడిపింది.

"నా పేరు ముత్తమ్మ సారూ. జఫర్‌గఢ్ దిక్కు మా ఊరు. మా ఆయన సాయిలును రేపు పొద్దుగూకంగ క్యాంపు పోలీసులకు అప్పజెప్తరట. జర మీరొచ్చి చూడున్రి."

అవి రజాకార్ల రోజులు. క్యాంపులోకి నడిచి వెళ్లిన మనిషి నడిచి తిరిగి రావడం అరుదు. చంద్రమౌళి చదువుతున్న పత్రిక మడిచి పక్కన పెట్టి, పిల్లను పడుకోబెట్టమని చాప చూపించాడు. ఒకప్పుడు వరంగల్లులో వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నవాడు. కోర్టులో అబద్ధాలు వినీ వినీ, నిజం ఎక్కడ నక్కి ఉంటుందో కనిపెట్టడం నేర్చుకున్నవాడు.

ముత్తమ్మ చెప్పిన సంగతి ఇది. ఆమె బావ, అంటే సాయిలు అన్న లచ్చయ్య, పేరుమోసిన కిన్నెర కళాకారుడు. పొడుగాటి వెదురు బొంగు, కింద మూడు సొరబుర్రలు, వాటిలో పెద్దదాని మీదుగా సాగే లావుపాటి దొడ్డతీగ. ఆ తీగ మీటితే వినేవాళ్ల పక్కటెముకలు అదిరేవి. లచ్చయ్య మామూలు తీగలు ముట్టడు. జంతువుల నరాలతో చేసిన తీగలే కడతాడు. బొంగు మీద వేళ్లు నొక్కే మెట్లకు తండ్రి ఇచ్చిన, అలుగు అనే అడవి జంతువు పొలుసులే తేనెమైనంతో అంటిస్తాడు. అలాంటి కిన్నెర మొన్న పొద్దున ముక్కలై కనిపించింది. బుర్రలు మూడూ పగిలాయి. పొలుసులు ఒక్కటీ లేవు.

"తమ్ముడే పలగ్గొట్టిండని బావ అందరి ముంగట ఏడ్సిండు," అంది ముత్తమ్మ. "మా ఆయనకు సొంత కిన్నెరున్నది సారూ. దానికి వెదురు చెక్కల మెట్లు. అలుగు పొలుసులు ముసలోళ్ల సోకని అన్నను ఎగతాళి జేస్తడు. గని దొడ్డతీగ మాత్రం తార్ తీగ. ఎవరో సంఘం పోరగాండ్లు పాట విని ఇచ్చిన్రు. తంతి స్తంభాల మీది తీగ కోసినోళ్లను సర్కారు కాల్చిపారేస్తుంది గదా! గా తీగ సంగతి గూడ బావ నోట్ల నుంచే బయటపడ్డది."

"మీ బావకూ మీ ఆయనకూ ఇదివరకు తగువుందా?"

"లేదు సారూ. దానికి ముందుగాల రేగొండ ఊళ్లె మా ఆయన తీగ మోగంగనే జనం లేచి మంచమేసి కూసోబెట్టిన్రు. బావ కింద కూసున్నడు. ఆ దినం అన్నం ముట్టలే. కడుపుల నొస్తుందన్నడు."

చంద్రమౌళి లేచి తొడుక్కున్న చొక్కా గుండీలు సవరించుకున్నాడు. బండి కట్టించుకుని బయలుదేరే ముందు బజారులో తాయెత్తులమ్మే ముసలివాడి దగ్గర ఆగి, పిల్లల మెడలో కట్టే అలుగు పొలుసులు ఉన్నన్ని కొని గుడ్డలో మూట కట్టించాడు. చంటిదాని దిష్టికి కాబోలనుకున్నాడు ప్రతాప్.

"కంటితో చూడని వస్తువు గురించి విచారణ చేయలేను ప్రతాప్," అన్నాడు ఆయన, మనసులోది విన్నట్టు.

మర్నాడు ఊరు చేరేసరికి పెద్దమనిషి కొమురయ్య ఇంటి ముందు జనం గుమికూడి ఉన్నారు. సాయిలును కొట్టంలో కట్టేశారు. ముత్తమ్మ అటు పరుగెత్తబోతే ఎవరో ఆపారు.

పగిలిన కిన్నెరను ముందు చూశాడు చంద్రమౌళి. మోకాళ్ల మీద కూర్చుని ముక్క ముక్కా తిరగేశాడు. దొడ్డతీగ తెగలేదు. తీగ బిగించే బిరడకు చుట్టుకునే ఉంది, వదులుగా, పాములా వేలాడుతూ. బొంగు మీద పొలుసులుండే చోట మైనం నున్నగా ఉంది. గోటితో గీకిన గుర్తు గానీ, చెక్క లేచిన జాడ గానీ లేదు.

"ఆ రాత్రి చప్పుడేమైనా విన్నావా అమ్మా?" అని లచ్చయ్య భార్య లచ్చమ్మను అడిగాడు.

"ఏం చప్పుడు లేదయ్యా. నాకు ఈగ వాలినా మెలకువొస్తది. కిన్నెర గీ పక్క గుంజకే ఏలాడుతుండె."

"నీ మరిదిమీద నీకు అనుమానమా?"

లచ్చమ్మ మొగుడి వైపు చూసి తల దించుకుంది. "సాయిలును నేనే ఎత్తుకొని పెంచిన."

లచ్చయ్య గోడవారగా కూర్చుని ఉన్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నడుముకు ఆకువక్కల సంచి, దాని మీద చెయ్యి. పక్కవాడు ఆకు నములుతుంటే, "జర ఓ ఆకియ్యరాదె," అని చెయ్యి చాచాడు.

పక్కవాడు నవ్వాడు. "సంచి ఉబ్బి ఉన్నది, నా ఆకు మీద కన్నేసినవా?"

లచ్చయ్య కసురుకున్నాడు. "అడిగితే ఇయ్యి, లేకుంటే ఊకో."

ప్రతాప్‌కు ఆ ముసలి మనిషి మీద జాలి కలిగింది. బతుకంతా ఆ కిన్నెరతోనే గడిపాడు, తన సంచిలో ఆకు ఉందన్న ధ్యాస కూడా లేదు పాపం అనుకున్నాడు.

కొట్టంలో సాయిలు చంద్రమౌళి ముఖం కూడా చూడలేదు. "నేను పలగ్గొట్టలేదని అన్నకు చెప్పున్రి సారూ. ఆయన నమ్మితె చాలు. క్యాంపుకైతే పోత."

గడప దగ్గర నిలబడి ఆ మాట విన్న ముత్తమ్మ పెదవి కొరుక్కుంది.

"పోతడట, మగాడు! పిల్లను ఏం జేద్దామనుకుంటున్నవు?"

పొద్దు వాలుతోంది. కొమురయ్య అసహనంగా లేచాడు. డప్పులు కాచేందుకు వాకిట్లో నిప్పులు పోసి ఉన్నాయి. "సారూ, మీరు పెద్దోళ్లు. గని ఆ తీగ ఊళ్లె ఉంటే ఊరు తగలబడ్తది. దోషి తేలినా తేలకున్నా వాణ్ని పంపుడే."

"తేలిపోయింది," అన్నాడు చంద్రమౌళి. "అందరినీ రమ్మనండి. సాయిలు కట్లు విప్పండి."

జనం చుట్టూ చేరారు. అన్నదమ్ములిద్దరినీ నిప్పుకు చెరో పక్క కూర్చోబెట్టాడు ఆయన. ఒక గుడ్డ మూట పైకెత్తి చూపించాడు.

"పోయిన పొలుసులు సాయిలు ఇంటి కప్పు గడ్డిలో దొరికాయి. రుజువు చాలు. ఈ గొడవకు మూలమైనవి ఊళ్లో ఉండకూడదు."

మాట పూర్తి కాకముందే మూట నిప్పుల్లో పడింది.

లచ్చమ్మ కెవ్వుమంది. సాయిలు "నాయిన పొలుసులు!" అని అరిచి ఒక్క దూకులో నిప్పుల్లో కుడిచెయ్యి పెట్టేశాడు. కాలుతున్న మూటను గుండెకు హత్తుకుని వెనక్కి పడ్డాడు. ముత్తమ్మ పిల్లను ఎవరి చేతుల్లోనో పెట్టి నీళ్ల కుండతో పరుగెత్తుకొచ్చింది. వెంట్రుకలు కాలిన కంపు వాకిలంతా పరుచుకుంది.

చంద్రమౌళి ముఖం పాలిపోయింది. ఆయన ఇది ఊహించలేదు. మూటను చూస్తే చాలు, ముఖాలు మాట్లాడతాయనుకున్నాడు, చెయ్యే మాట్లాడుతుందనుకోలేదు. ప్రతాప్ మొదటిసారి తన గురువు గొంతు తడబడటం విన్నాడు.

"అందరూ... అందరూ లచ్చయ్యను చూడండి."

లచ్చయ్య కూర్చున్న చోటు నుంచి కదలలేదు. చెయ్యి మాత్రం సంచి మీద బిగుసుకుని ఉంది.

"తండ్రి ఇచ్చిన పొలుసులు కాలుతుంటే తమ్ముడు చెయ్యి పెట్టాడు, వదిన కెవ్వుమంది. సొంతదారు కూర్చున్నాడు. ఎందుకంటే అవి తనవి కావని ఈ వాకిట్లో నాకు తెలుసు, తనకు తెలుసు. నేను జనగామ బజారులో కొన్నవి అవి."

గుంపులో గుసగుస లేచింది. చంద్రమౌళి కిన్నెర బొంగు అందుకున్నాడు.

"బిగిసిన తీగతో బుర్ర పగిలితే పెద్ద చప్పుడవుతుంది. ఇక్కడ తీగను ముందే వదులు చేశారు. కిన్నెరను ప్రేమించే చెయ్యి చేసిన పని అది. పొలుసులు పీకలేదు, మైనం వెచ్చజేసి ఒక్కొక్కటీ తీశారు. పగవాడికి అంత ఓపిక ఉండదు. బుర్రలు మళ్లీ పండించుకోవచ్చు, నాయిన పొలుసులు దొరకవు అని తెలిసినవాడు చేశాడు. ఇంతవరకు ఇద్దరి మీదా అనుమానమే. కానీ నిండు సంచి నడుముకు పెట్టుకుని పక్కవాడి ఆకు అడిగింది ఒక్కడే. కొమురయ్యా, ఆ సంచి విప్పించండి."

విప్పనక్కరలేకపోయింది. లచ్చయ్యే ముడి విప్పి బోర్లించాడు. ఆకులు లేవు, వక్క లేదు. గోధుమరంగు పొలుసులు గలగలమని రాలాయి.

"రేగొండల వానికి మంచమేసిన్రు," అన్నాడు, ఎవరితోనో కాదు, నేలతో. "నన్ను కింద కూసోబెట్టిన్రు. వానికి మీటుడు నేర్పిందే నేను. నా తీగ పాతదైంది, వాని తీగ గావాలన్నరు. నా కిన్నెర మోగకపోతె వానిది మోగొద్దనిపించింది. క్యాంపు సంగతి... కోపంల నోరు జారిన. మల్ల ఎనక్కి తీసుకునుడు చాతగాలే."

"వాణ్ని సంపుతరని ఎరుకైనంక గూడ ఊకున్నవా?" కొమురయ్య గద్దించాడు.

కొమురయ్య లోపలికి వెళ్లి, అక్కడ దాచి ఉంచిన సాయిలు కిన్నెర మీది తార్ తీగ తనే ఊడదీసి, పాడుబడ్డ బావిలో వేసి వచ్చాడు. "గట్లాంటిది ఈ ఊళ్లె ఎవరు చూడలే. చూసినోడు నాతోని మాట్లాడున్రి," అన్నాడు. తరవాత లచ్చయ్య వైపు చూడకుండానే తీర్పు చెప్పాడు. ఏడాది దాకా ఏ పాట కూటానికీ వాడికి పిలుపు ఉండదు.

లచ్చయ్య పొలుసులన్నీ దోసిట్లోకి ఏరి తమ్ముడి ముందు పెట్టాడు. సాయిలు ఎడమచేత్తో వాటిని వెనక్కి నెట్టాడు.

"నీయి నీకాడనే ఉంచుకో అన్న. చెయ్యి మానినంక నువ్వే నేర్పాలె మల్ల."

ముత్తమ్మ చివాలున లేచి పిల్లను అందుకుని బండి వైపు నడిచింది. సాయిలును జనగామ దవాఖానకు తీసుకెళ్లాలని చంద్రమౌళి అప్పటికే బండి కట్టించాడు. ఖర్చు తనదేనని, ఆ కాలిన చేతికి బాధ్యుడు తానేనని ముత్తమ్మతో చెప్పాడు.

బండి ఊరు దాటింది. ముత్తమ్మ మూట విప్పి, జొన్నరొట్టె తుంచి మొగుడి నోట్లో పెట్టింది. పెట్టింది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఒక్క మాటడుగుత. మీ అన్న పొలుసులు కాలుతుంటే ముందెనుక సూడకుండ చెయ్యి వెట్టినవు. నేను జనగామ దాంక పొయ్యి సారును తోలుకొచ్చిన, నా మొకం దిక్కన్న సూడలె నువ్వు. క్యాంపుకు పోతనన్నవు. నేను, గీ పిల్ల నిప్పులల్ల వడితె గట్లనే దూకుతవా?"

సాయిలు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"చెప్పున్రి సారూ, మీకన్నీ ఎరుకైతయి గద!" అంది ఆమె చంద్రమౌళి వైపు తిరిగి.

ప్రతాప్ ఆశగా గురువు ముఖంలోకి చూశాడు. చంద్రమౌళి లేచి బండివాడి పక్కకు వెళ్లి కూర్చున్నాడు.

సాయిలు ముద్ద మింగి, పిల్ల కోసం ఎడమచెయ్యి చాచాడు. ముత్తమ్మ ఇవ్వలేదు.

"ముందు నోటితోని చెప్పు," అంది.