నాయనమ్మ చూసిన పుంజు

ఆ ఇంటి ముందుగదిలో నేల మీద తెల్ల టేపుతో అతికించిన ఇంటూ గుర్తు ఒకటి ఉంది. పొద్దున్నే ఊడ్చేటప్పుడు అమ్మ దాని చుట్టూ చీపురు తిప్పుతుంది. బస్సు నడపడానికి వెళ్లే నాన్న దాన్ని దాటుకుని వెళ్లి బూట్లు వేసుకుంటాడు. అది చెదిరితే పెద్దమ్మాయి ఊరుకోదని అందరికీ తెలుసు.

పెద్దమ్మాయి పనిచేసే ల్యాబులో గాలిలో వెలుగుతో బొమ్మలు నిలబెడతారు. కళ్లజోడు అక్కర్లేదు, తెర అక్కర్లేదు. బల్ల మీద ఒక పెట్టె, దాని పైన ఉత్త గాలిలో బొమ్మ. చిక్కల్లా ఒక్కటే. ఇంటూ గుర్తు మీద వేసిన కుర్చీలో కూర్చుని, తల నిటారుగా పెట్టి చూస్తేనే అది కనబడుతుంది. బెత్తెడు పక్కకు జరిగితే ఏమీ లేదు. వచ్చే వారం ల్యాబులో పెద్దవాళ్లకు చూపించాలి. వాళ్లకు నచ్చకపోతే ఆమె పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే పెట్టెను ఇంటికి తెచ్చి, రోజూ పొద్దున్నే కర్టెన్లు మూసి, ఇంటిల్లిపాదినీ వంతులవారీగా ఆ కుర్చీలో కూర్చోబెడుతోంది.

బొమ్మ ఒక కోడిపుంజు. జానెడు ఎత్తు, ఎర్రటి జుట్టు, మెరిసే తోక. చూసిన వాళ్లంతా బాగుందనేవారు. చెల్లెలు మాత్రం సినిమా హాలంతా కట్టి ఒక్క టికెట్టే అమ్ముతున్నట్టుందని ఏడిపించేది.

అందరికంటే కష్టం నాయనమ్మకు. ఆవిడ మెడ ఎన్నో ఏళ్ల కిందటే ఎడమకు ఒరిగిపోయింది. నాన్న ఆవిడను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ దిండ్లు పెట్టి, తల నిలబెట్టి పట్టుకునేవాడు. చివరి వంతు ఆవిడదే. కనిపించిందా అని మనవరాలు అడగడం ఆలస్యం, ఆవిడ మొహం చేటంత చేసుకునేది.

"ఆహా, ఏం పుంజే తల్లీ. పెళ్లికొడుకులా నిలబడింది."

ఆ మాటతో పెద్దమ్మాయికి రోజంతా కడుపు నిండిపోయేది.

ఆ రోజు చెల్లెలు ఇంకా పళ్లు తోముకుంటోంది. నాన్నకు తొందర. అందుకని ముందు నాయనమ్మనే కూర్చోబెట్టారు.

"ఇవాళ మరీ నిగనిగలాడుతోందే. ఆ తోక చూడు, ఆ జుట్టు చూడు" అంది నాయనమ్మ.

పెద్దమ్మాయి చెయ్యి మీట మీదే ఆగిపోయింది. ఈలోగా చెల్లెలు మూతి తుడుచుకుంటూ వచ్చి, నాన్న నాయనమ్మను మంచం మీదకు చేర్చగానే కుర్చీలో కూలబడింది.

"ఇదేంటక్కా, ఇవాళ చేపను పెట్టావు?"

నాయనమ్మ శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

పెద్దమ్మాయి మంచం దగ్గరికెళ్లి కూర్చుంది. "నాయనమ్మా, ఒక్క రోజైనా కనిపించిందా నీకు?"

"నీ మొహం కనిపించేదిగా. నేను బాగుందనగానే ఎంత వెలిగిపోయేదో. నాకు ఆ బొమ్మ చాల్లే అనుకున్నా."

నాన్నకు కోపం నషాళానికంటింది. "ఇన్నాళ్లూ ఈవిడ మెడను నీ పెట్టెకు సరిపెట్టడానికి నేను దిండ్లు మోస్తున్నానన్నమాట. నీ పెట్టెనే ఈవిడ మెడకు సరిపెట్టు. లేదంటే అటకెక్కించు."

అదంత సులువైతే ఎప్పుడో చేసేదాన్నని ఆమె కూడా గొంతు పెంచింది. బొమ్మ పెద్దదైతే చూసే చోటు ఇరుకవుతుంది. చోటు పెంచితే బొమ్మ చిన్నదైపోతుంది. రెండూ కావాలంటే ఆ పెట్టె వల్ల కాదు. తమ మేనేజరుకు పెద్ద బొమ్మే కావాలి. "కోడిగుడ్డంత పుంజును పట్టుకెళ్తే నవ్వుతారు నాన్నా."

"నవ్వనీ" అంది అమ్మ, బట్టలు ఇస్త్రీ చేస్తూనే. "అప్పుడైనా అందరూ కలిసి నవ్వుతారు."

పెద్దమ్మాయి విసురుగా లోపలికెళ్లి తలుపేసుకుంది. కాసేపు ఏడ్చింది. కళ్లు తుడుచుకుని సొరుగు తెరిచింది. అందులో ఒక గాజుపలక ఉంది. దాని నిండా కంటికి ఆనని చుక్కలు. వెలుగును అన్ని పక్కలకూ చల్లుతుంది. బొమ్మను కుదించేస్తుందని ఎప్పుడో పక్కన పడేసింది. దాన్ని పెట్టె ముందు బిగించి, పుంజు లెక్కంతా కంప్యూటర్లో మళ్లీ మొదటి నుంచి వేసింది. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి, మూడోసారి కంచం లోపలికే ఇచ్చింది.

సాయంత్రం నాన్న ఇంటికొచ్చేసరికి ముందుగదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. కుర్చీ లేదు. నాయనమ్మ తన మంచం మీదే, తన దిండుకే ఆనుకుని, మెడ ఎటు ఒరిగితే అటే వదిలేసి కూర్చుంది. చెల్లెలు నేల మీద చతికిలపడింది. అమ్మ గుమ్మంలో నిలబడింది. పెద్దమ్మాయి మీట నొక్కింది.

పెట్టె పైన కోడిగుడ్డంత పుంజు లేచి నిలబడింది. చెల్లెలు చూసింది. అమ్మ చూసింది. నాన్న బూట్లు విప్పడం మరిచిపోయి చూశాడు.

నాయనమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఎప్పుడూ అడిగీ అడగకముందే పొగిడే మనిషి.

"ఇదేంటే" అంది నాయనమ్మ చివరికి, కళ్లు చికిలించి. "ఇది ఒంటికాలి మీద నిలబడిందేం? రెండో కాలు వెనక్కి ముడుచుకుంది. మీరెవరూ చెప్పలేదే."

ఎవరికీ తెలిస్తే కదా. ఎదురుగా కుర్చీలో కూర్చున్న వాళ్లకు రొమ్ము ఈకలు అడ్డొచ్చి ఆ కాలు ఏనాడూ కనబడలేదు. తయారుచేసిన మనిషికి తప్ప ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

చెల్లెలు ఎగిరి మంచమెక్కి నాయనమ్మ చెంపకు చెంప ఆనించింది. అమ్మ అటు వచ్చింది. నాన్న ఇటు వచ్చాడు. కాలు ఉంది, లేదు, ఉంది అంటూ ముగ్గురూ చోట్లు మార్చుకుంటుంటే, పెద్దమ్మాయి గోడకు జారబడి ఏడుస్తూ నవ్వింది.

ఆ తర్వాత మేనేజరుకు ఫోన్ చేసి, వచ్చే వారం చిన్న బొమ్మనే తెస్తానని, కుర్చీ వేయించక్కర్లేదని చెప్పింది. ఆయన చాలాసేపు వాదించాడు. చివరికి, సరే, తీసుకురా, ఎంతమంది నిలబడి చూడగలరో చూద్దామన్నాడు.

నాన్న నేల మీద వంగి ఇంటూ గుర్తు టేపును గోటితో పీకుతున్నాడు. నాయనమ్మ మనవరాలిని దగ్గరకు పిలిచింది.

"రేపు ఆ చేపను కూడా చూపించవే. పాపం, దాని మొహం మీదే పుంజుని పొగిడాను."