జతనాడి

గోడ మీద పచ్చ చుక్క మళ్ళీ ఆరిపోయింది.

మేఖల చేతిలో గ్లాసు అక్కడే వదిలేసి సొరంగవీధిలోకి పరుగు తీసింది. అంగారకుడి మీద పరుగంటే గెంతడమే. భూమి మీద మూడు మూటలంత ఉండే మనిషి ఇక్కడ ఒక మూటంత తూగుతాడు. "పేర్రాజుగారి వాచీ మళ్ళీ పోయినట్టుందర్రా" అంటూ గుమ్మాల్లోంచి జనం నవ్వుకున్నారు. మేఖలకి నవ్వు రాలేదు.

ఎర్రగుట్ట గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. గుట్ట లోపల తొలిచిన సొరంగాలే వీధులు. తక్కువ బరువుకి అలవాటుపడిన గుండె వయసు మళ్ళాక ఉన్నట్టుండి అలిసిపోతుంది. అందుకే వాచీ, ఫోనూ కలిసిన జతనాడి కనిపెట్టారు. మణికట్టు మీది వాచీ ఒంటి సంగతి కనిపెట్టి ఉంటుంది: నాడి, చెమట, రక్తంలో చక్కెర, కడుపులో ఆకలి. చెవి వెనక అంటించుకునే ఫోను మాట వింటుంది. ఆ ఒళ్ళూ ఈ మాటా ఒకే మనిషివేనా అని రెండూ అస్తమానం సరిచూసుకుంటాయి. ఒకరి వాచీ మరొకరు పెట్టుకుని వాళ్ళ వంతు గాలి వాడుకోకుండా ఆ ఏర్పాటు. సరిచూసే యంత్రబుద్ధి పేరు పొంతన. మాటకీ ఒంటికీ కుదరకపోతే, వాచీ ఎవరి చేతికో మారిందనుకుని అది కనెక్షన్ తెంపేస్తుంది, ఆ మనిషి పచ్చ చుక్క ఆరిపోతుంది. తెగి ఉన్నప్పుడు గుండె ఆగితే ఆసుపత్రికి కబురు వెళ్ళదు. కబురు వెళితే మాత్రం మనిషి దక్కుతాడు.

పొంతనను తయారుచేసింది మేఖలే. మిగతా ఊళ్ళలో అది ఒక్కసారీ మొరాయించలేదు. ఎర్రగుట్టలోనే పూటపూటకీ తెగుతోంది, అందులోనూ పేర్రాజు బాబాయిది. అమ్మానాన్నలు పోయాక మేఖలని పెంచింది ఆయనే. ఆ మధ్య ఆయన గుండె ఒకసారి ఆగి, డాక్టర్ సలోమి చేతుల్లో మళ్ళీ కదిలింది. అప్పటినుంచి మేఖల కంటిమీద కునుకు లేదు. వాచీని ఆపి మళ్ళీ పెట్టింది. ఫోను చేత దాన్ని మరిపించి కొత్తగా జత కలిపింది. పట్టీ మార్చింది, బ్యాటరీ మార్చింది. లాభం లేకపోయింది.

"వచ్చావా తల్లీ! మళ్ళీ పోయిందా ఇది?" అంటూ పేర్రాజు చెయ్యి చాపాడు. మేఖల జత కలిపింది. చుక్క వెలిగింది.

"తిన్నావా?"

"తినే వచ్చా బాబాయ్."

ఆమె చెవిలో ఫోను గొణిగింది: కనెక్షన్ తెగింది. మేఖల విసుక్కుంది. ఈ ఇంటికి వస్తే తనదీ పోతుంది, అదేం ఖర్మో!

"అబ్బే, కుదరదు. నాచుపిండి అట్లు రెండు మిగిలిపోయాయి. తినాలి. నాకైతే కడుపు నిండా అయిపోయింది."

ఇప్పుడే వెలిగిన ఆయన చుక్క ఆరిపోయింది. అదే క్షణంలో ఆయన కడుపు గుర్రుమంది.

మేఖల పళ్ళెం వంక చూసింది, ఆయన వంక చూసింది.

"బాబాయ్, నిజం చెప్పు. తిన్నావా?"

"అంటే... నువ్వొస్తావేమోనని ఉంచాను."

"మరి తిన్నానన్నావేం?"

"నువ్వేం తిన్నావేంటి, మొహం పీక్కుపోయి! నువ్వెందుకన్నావ్?"

మేఖల నిలబడ్డచోటే కూలబడి నవ్వింది. మిగతా ఊళ్ళవాళ్ళు ఆకలేస్తే ఆకలంటారు. ఈ ఊళ్ళో ఆ మాట అడగ్గానే ఒప్పుకున్నవాడు ఎవడని!

ఆ సాయంత్రమే పొంతన ముందు కూర్చుంది.

"తినకుండా తిన్నానన్నారు. అది అబద్ధం" అంది పొంతన.

"అబద్ధం కాదు, మొహమాటం."

"ఆ మాట నాకు తెలియదు."

"ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని మన సంగతి కాస్త దాచుకోవడం."

"దాచినా ఆయన ఆయనేనా?"

"దాస్తేనే ఆయన. దాచకపోతే అనుమానించు."

ఊరందరి దగ్గరా అనుమతి తీసుకుని, మేఖల వాళ్ళ మాటలు పొంతనకి వినిపించింది. గుమ్మంలో గంటసేపు సాగే వీడ్కోళ్ళు, పళ్ళెంలో ఆఖరి ముక్క దగ్గర "మీరంటే మీరు"లు, "మీకెందుకండీ శ్రమ"లు. పొంతన అన్నీ ఓపిగ్గా నేర్చుకుంది.

"భలే నేర్చావే!" అంది మేఖల.

"అయ్యో, ఇందులో నాదేముందండి" అంది పొంతన.

ఆ తర్వాత ఊళ్ళో ఒక్క కనెక్షనూ తెగలేదు. అయినా మేఖల కాలు నిలవలేదు. పచ్చ చుక్క ఆరినప్పుడు ఎంత కంగారో, ఆరకపోతే అంత కంగారుగా ఉంది. వండుతూ వండుతూ వచ్చి గోడ చూసేది. అది నిశ్చింతగా వెలుగుతూనే ఉండేది.

సలోమి కూతురి పెళ్ళిరోజున ఊరంతా పెద్ద గుహలో మధ్యాహ్నం భోజనాలకి కూర్చుంది. పేర్రాజు రాలేదు. కాళ్ళు లాగుతున్నాయని కబురు పెట్టాడు. మేఖల మణికట్టు మీద చిన్న తెరలో ఆయన చుక్క పచ్చగానే ఉంది. పప్పు కలిపింది గాని ముద్ద దిగలేదు. లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

పేర్రాజు గోడకి చేరబడి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. వాచీ మీద చుక్క వెలుగుతూనే ఉంది.

"పొంతనా! ఈయన గుండె ఎలా ఉంది?"

"పొద్దుటినుంచి తడబడుతోందండి. ఇప్పుడు మరీ నెమ్మదించింది."

"ఆసుపత్రికి చెప్పలేదేం?"

"డాక్టరుగారింట్లో పెళ్ళి కదా. భోజనాల వేళ పిలిస్తే బాగోదని."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"చెబుదామనే అనుకున్నాను. మీరు ఇప్పుడిప్పుడే కాస్త కుదుటపడుతున్నారు."

"ఇప్పుడు పిలువు! ఈ క్షణం!"

పిలిచింది. ఆసుపత్రి యంత్రం మర్యాదగా పలికింది. "పేర్రాజుగారింటి నుంచా? ఏమైనా కావాలా అండీ?"

"అబ్బే, ఏం లేదండి. ఊరికే పలకరిద్దామని" అంది పొంతన.

మేఖల ఆయన్ని భుజాన వేసుకుంది. గెంతుకుంటూ పెద్ద గుహలోకి వచ్చిపడింది. పంక్తి చివర పెద్దాయన ముద్ద ఆపి తలెత్తాడు.

"ఏమ్మా, ఏమైంది? సాయం పట్టమంటావా?"

"ఏం లేదండి, మీరు భోంచెయ్యండి."

ఆ మాట తన నోటినుంచే వచ్చింది. భుజం మీద పేర్రాజు కూడా, ఊపిరి అందకుండానే, కూచోండి కూచోండి అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి అంతలోనే వాలిపోయింది.

"కాదు!" మేఖల గొంతు చించుకుని అరిచింది. "పోతున్నాడు! లేవండి! సలోమిగారూ, రండి!"

సలోమి ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. విస్తళ్ళు పక్కకి తోసి ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టారు. ఆమె గుండె మీద రెండు చేతులూ వేసి అదిమింది. ఎవరో ఆసుపత్రికి దూకి సూది తెచ్చారు. కాసేపటికి పేర్రాజు ఛాతీ తనంతట తాను పైకి లేచింది. బుగ్గల్లోకి రంగు వచ్చింది.

సలోమి నుదురు తుడుచుకుని మేఖల పక్కన కూలబడింది.

"పొద్దున్న పెళ్ళికి రమ్మని మళ్ళీ చెప్పడానికి వెళ్ళినప్పుడే ఆయన మొహం నల్లబడినట్టనిపించింది" అంది, తల దించుకుని. "ఒకసారి నాడి చూడనా అని నోటిదాకా వచ్చింది మేఖలా. శుభమా అని పిలవడానికి వెళ్ళి, రోగం సంగతి ఎత్తితే ఏమనుకుంటారోనని..."

మేఖల ఆమెను ఏమీ అనలేదు. అంటే బాగోదనిపించింది.