అరవై కోట్ల బ్రేకు

లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి!

టైమ్ మధ్యాహ్నం మూడుంబావు. బయట ఫిల్మ్‌నగర్‌లో ఎండ మాడ్చేస్తోంది. స్టూడియో ఫ్లోర్ లోపల మాత్రం కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి.

"షట్టర్ దించెయ్యండ్రా!" బాబీ గొంతు. "ముసలోడి ఫోన్ నా చేతికి రావాలి. ఎలా తెస్తారో నాకనవసరం!"

ప్లైవుడ్ రాజమహల్ వెనక నక్కి ఉంది నిహారిక. ముక్కు నిండా బంక కంపు. కాలి కింద ఎవరో తిని పారేసిన బిర్యానీ పొట్లం మెత్తగా తగులుతోంది.

ఛీ!

పక్కనే బాలనర్సయ్య. యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా హీరోలని తాళ్ళ మీద ఎగరేస్తున్న రోప్ మాస్టర్. కుడికాలు కుంటి. ఫోన్‌ని రెండు చేతులతో పొట్టకి అదుముకుని కూర్చున్నాడు.

బాబీ దగ్గర ఓ కాగితం తీసుకుందామని స్టూడియోకి వచ్చింది నిహారిక. ఐదు నిమిషాల క్రితం బాలనర్సయ్య ఆమె చెవిలో చెప్పింది ఒక్కటే.

"మేడమ్, గా బ్రేక్ చేసింది నేను. బాబీ సార్ కాదు. నా తాన వీడియో ఉంది."

ఆ మాట బాబీ మనిషి చెవిన పడింది. అంతే!

నిహారిక ఉద్యోగం పేటెంట్లకి విలువ కట్టడం. ఒక కొత్త వస్తువు మీద చట్టం ఇచ్చిన హక్కు ఎన్నేళ్ళు ఉంటుంది, దాన్ని వాడుకోవాలంటే జనం ఎంత ఇస్తారు, ఎవరైనా కోర్టుకెళితే నిలబడుతుందా... అన్నీ చూసి ఒక అంకె చెప్పాలి. ఆ అంకెని నమ్మి కంపెనీలు కొంటాయి, అమ్ముతాయి.

ఈసారి వస్తువు ఒక బ్రేకు. రోప్ ఫైట్‌లో తాడు జారినా, తెగినా, మనిషిని గాల్లోనే పట్టి ఆపేస్తుంది. పేటెంట్ మీద ఉన్న పేరు బాబీ. అమ్ముతున్నది బాబీ తండ్రి, ప్రొడ్యూసర్ చలపతిరావు. కొనబోతున్నది కమలాకర్ అనే పెద్దమనిషి కంపెనీ.

పొద్దున చలపతిరావు ఇంట్లో దోసె పెట్టి మరీ చెప్పాడు. "అరవై కోట్లు రావాలి మేడమ్. ఆన్సర్ నేనిచ్చేశాను. లెక్క మీరు వెనక నుంచి వేసుకు రండి."



నాలుగింటికి జూబ్లీహిల్స్‌లో మీటింగ్. అక్కడ ఆమె నోటితో అంకె చెప్పాలి.

టార్చ్ వెలుగు! రాజమహల్ గోడ మీద పాకుతోంది... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

"మీదికి ఎక్కుండ్రి" గుసగుసగా అంటాడు బాలనర్సయ్య.

నిచ్చెన. ముప్పై అడుగులు. నేల మీద కుంటేవాడు నిచ్చెన మీద పిల్లాడిలా ఎక్కేస్తున్నాడు. పైన లైట్లు కట్టే చెక్క నడవ. దాని చివర చిన్న కిటికీ. కింద వెనక సందు.

అతని చేతులు చీకట్లోనే పని చేస్తున్నాయి. ఆమె నడుముకి బెల్ట్ పడింది. బక్కిల్ బిగిసింది. దూలానికి ఓ ఇనప డబ్బా. అందులోంచి తాడు.

"బాలనర్సయ్య గారూ... నేను... నాకు భయం..."

"ఫికర్ చెయ్యకుండ్రి. నేను ఇడ్సినా గది ఇడ్సదు."

కిటికీలోంచి బయటికి! కాళ్ళ కింద గాలి. అతను తాడు మెల్లగా వదులుతున్నాడు. పది అడుగులు... పదిహేను...

"దొరికాడ్రా!"

పైన దెబ్బ చప్పుడు. తాడు వదులైపోయింది!

నిహారిక పడిపోతోంది!

టక్!

ఆగింది. నేలకి రెండడుగుల ఎత్తులో, ప్రాణాలతో, వేలాడుతోంది.

మూడు వారాలుగా కంప్యూటర్‌లో గడులు నింపిన వస్తువు ఇది! ఒక్కసారైనా చూడాలని తనకి అనిపించలేదు. సిగ్గేసింది ఆమెకి.

బెల్ట్ విప్పేలోగా బాలనర్సయ్య తాడు పట్టుకుని జారుతూ వచ్చేశాడు. పెదవి చిట్లి రక్తం. ఫోన్ మాత్రం పళ్ళ మధ్య భద్రం!

"ఉరుకుండ్రి!"

* * *

ఆటో. కొండ దిగి, మళ్ళీ ఎక్కి, చెక్‌పోస్ట్ వైపు. వెనక అద్దంలో బాబీ నల్ల కారు. నాలుగు బళ్ళ వెనక.

"జల్ది పోనీ అన్నా!" డ్రైవర్ని తరుముతూనే ఫోన్ ఆన్ చేస్తాడు బాలనర్సయ్య. "చూడుండ్రి మేడమ్. నెట్‌ల నుంచి తీసేసిండ్రు గానీ నా మనవరాలు ముందే స్క్రీన్ రికార్డ్ చేసిపెట్టింది."

హీరో బర్త్‌డేకి వదిలిన మేకింగ్ వీడియో. హీరో గాల్లో ఎగిరాడు. తర్వాత బాలనర్సయ్య. ఇనప డబ్బా మూత తీసి, ఒక్కో ముక్క బయటికి లాగి, కెమెరాకి చూపిస్తూ, మూడు నిమిషాలు... ఏ పన్ను ఎక్కడ కొరుకుతుందో, తాడు ఎందుకు ఆగుతుందో. పాఠం చెప్పినట్టు చెప్పాడు. వెనకాల బాబీ కుర్చీలో కూర్చుని సెల్ఫీ తీసుకుంటున్నాడు.

వీడియో కింద ఛానెల్ పేరు, చలపతిరావు బ్యానర్‌దే. మూడు లక్షల మంది చూశారు. తేదీ... జూలై ఇరవై నాలుగు.

నిహారిక వీడియో ఆపేసింది.

పేటెంట్‌కి అప్లై చేసింది ఆగస్టు పదకొండు. ఆ కాగితం ఆమెకి కంఠతా వచ్చు. పొద్దున దోసె తింటూ చలపతిరావు కొట్టిన గొప్ప కూడా గుర్తొచ్చింది. "ఆషాఢంలో మేం ఏ పనీ మొదలుపెట్టం మేడమ్. శ్రావణం వచ్చాక, మంచిరోజు చూసి, కొబ్బరికాయ కొట్టి మరీ ఫైల్ చేశాం!"

ఫైలింగ్‌కి ఆషాఢం అడ్డమొచ్చింది. హీరో బర్త్‌డేకి రాలేదు!

అప్లై చెయ్యకముందే లోకానికి చూపించేస్తే అది కొత్త వస్తువు కాదు. ఈ వీడియో చేతిలో ఉన్న ఎవడైనా ఆ పేటెంట్‌ని పడగొట్టేస్తాడు.

అరవై కోట్లు కాదు. ఆరు రూపాయలు కూడా రావు.

"ఏమాయె మేడమ్?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ పొద్దుట్నుంచీ విన్న అబద్ధాలు చాలు ఆమెకి.

"బాలనర్సయ్య గారూ, ఈ వీడియో చూపిస్తే బ్రేక్ మీదేనని తేలుతుంది. కానీ దాని విలువ సున్నా అయిపోతుంది. ఎవరికీ పైసా రాదు. మీకు కూడా. చూపించొద్దంటే చూపించను. బేరం పెడితే నోరు మూయడానికి వాళ్ళు ఓ పది లక్షలు ఇస్తారు."

అతను బయటికి చూస్తున్నాడు. నల్ల కారు ఇప్పుడు రెండు బళ్ళ వెనకే ఉంది.

"నా తమ్ముడు తాడు తెగే సచ్చిండు మేడమ్. ఆ సినిమా వంద రోజులాడింది. వాని పేరు యాడ లేదు. అప్పుడు చేసిన గిది." చొక్కాతో పెదవి రక్తం తుడుచుకున్నాడు. "గీ పైసల కోసం మళ్ళ పేరు అమ్ముకోమంటవా బిడ్డా? చూపియ్యి."

చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ గడ్డకట్టింది. వెనక కారు తలుపు తెరుచుకుంది. బాబీ దిగాడు... పరిగెడుతున్నాడు!

"దిగండి!"

హారన్ల మధ్య, బళ్ళ మధ్య, కుంటుతూ, ఒకర్నొకరు లాక్కుంటూ... అద్దాల బిల్డింగ్... లాబీ... లిఫ్ట్!

తలుపుల సందులోకి బాబీ వేళ్ళు దూరాయి. బాలనర్సయ్య చెప్పుతో ఒక్కటిచ్చాడు.

లిఫ్ట్ కదిలింది.

* * *

ఆరో అంతస్తు. పొడవాటి బల్ల. ఒక పక్క చలపతిరావు, పట్టు చొక్కా, నుదుట కుంకుమ. రెండో పక్క కమలాకర్. నున్నటి గెడ్డం, నున్నటి నవ్వు.

"రండి మేడమ్! అంకె చెప్పండి, స్వీట్లు తెప్పిస్తా" అన్నాడు చలపతిరావు. అంతలో బాలనర్సయ్య కనిపించాడు. మొహం మారిపోయింది. "వీణ్ణెందుకు తెచ్చారండీ?"

నిహారిక ఫోన్‌ని బల్ల మీద పెట్టి ప్లే నొక్కింది.

వీడియో చివరిదాకా నడిచింది.

"బ్రేక్ చేసింది ఈయన. మీ అబ్బాయి కాదు. ఇది లోకానికి చూపించింది అప్లికేషన్‌కి పద్దెనిమిది రోజుల ముందు. చూపించింది కూడా మీరే. ఈ పేటెంట్ విలువ... సున్నా!"

"ఏం వాగుతున్నావ్!" చలపతిరావు లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. "సున్నా ఏంటి, సున్నా! నీకిచ్చిన ఫీజు..."

"అరవకండి సార్." కమలాకర్ గొంతులో చిరాకు కూడా లేదు. "మేడమ్ కరెక్ట్. ఆ వీడియో మా దగ్గర ఆర్నెల్లుగా ఉంది."

నిహారిక తిరిగి చూసింది.

"ఉంటే... కొంటామని ఎందుకొచ్చారు?"

"ఎవరు కొంటామన్నారు? మా మేనేజ్‌మెంట్‌కి బయటివాళ్ళ రిపోర్ట్ ఒకటి కావాలి, ఇది చెల్లదని. ఇప్పుడొచ్చింది. మా షెడ్డులో నలభై బ్రేకులు రెడీ. సోమవారం నుంచి కిరాయికి తిప్పుతాం. ముంబై, చెన్నై... అన్నిచోట్లా. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు." లేచి చెయ్యి చాపాడు. "థాంక్స్ మేడమ్. మీ సంతకమే మిగిలింది."

ఆ చెయ్యి వైపు చూస్తే చేపల బజారు మురిక్కాలువ గుర్తొచ్చిందామెకి. ఒకడు దొంగ. రెండోవాడు దొంగసొత్తుని ఊరికే ఎత్తుకుపోయే దొర. మధ్యలో నిజం చెప్పానని పొంగిపోయిన తను!

గదిలో ఎవరో నవ్వారు.

బాలనర్సయ్య!

"నలభై చేసిండ్రా సార్? గట్లనే? వీడియోల ఉన్నట్టే?" పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "అది పాతది సార్! తాడు తడిస్తే పట్టదు. వాన సీన్ల జారుతది. నేను రెండోది చేసిన. రహమత్‌నగర్ల మా ఇంట్ల ఉంది. అది నీళ్ళల్ల ముంచినా ఇడ్సదు. ఇంక ఎవ్వనికీ చూపలే!"

కమలాకర్ నవ్వు ఆరిపోయింది.

ఒక్క సెకను. అంతే. కుర్చీ లాగాడు. స్వయంగా!

"కూర్చోండి బాలనర్సయ్య గారూ. కాఫీ తాగుతారా? ఆ రెండోదాంట్లో... ఏం మార్చారు?"

ముప్పై ఏళ్ళలో కుర్చీ వేసి అతన్ని అడిగినవాడు లేడు. ముసలాడి కళ్ళు మెరుస్తున్నాయి. కూర్చున్నాడు. రెండు చేతులూ గాల్లోకి లేచాయి, ఆ బ్రేకు ఎదురుగా ఉన్నట్టే.

"ఏం లేదు సార్, శాన తేలిక. ఆ పన్ను ఉంది సూడుండ్రి, దాని కింద..."

కమలాకర్ పెన్ను క్యాప్ తీశాడు. ఈ మాట పూర్తయితే సాయంత్రానికల్లా అది ఇంకొకడి పేరు మీద ఫైలవుతుంది!

నిహారిక బల్ల మీద నుంచి దూకినంత పని చేసింది. ముసలాడి నోరు అరచేత్తో మూసేసింది!

"వద్దు! ఒక్క మాట కూడా వద్దు!"

అతను ఆ చెయ్యి విదిలించి కొట్టాడు. కళ్ళల్లో నీళ్ళు.

"మీరు గూడ గంతేనా మేడమ్? ఇన్నేండ్లకి ఒక సార్ అడిగిండు... మీరు గూడ నా నోరు మూస్తరా?"

"అది కాదు..."

"జరగుండ్రి! నేను చెప్త!"

"చెప్పనివ్వండి మేడమ్" అన్నాడు కమలాకర్ మెత్తగా. ఆమెకీ ముసలాడికీ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "సార్, ఆ పన్ను కింద?"

"పన్ను కింద సార్..."

తలుపు తోసుకుని బాబీ! నలిగిన వేళ్ళు పట్టుకుని, బూతులు తిడుతూ! వెనక ఇద్దరు!

వివరించడానికి టైమ్ లేదు. గోడ మీద ఎర్ర డబ్బా. నిహారిక మోచెయ్యి ఎత్తింది.

భళ్ళున పగిలింది అద్దం!

ఫైర్ అలారం! ఆరంతస్తులూ ఒక్కసారిగా ఊళ పెట్టాయి!

బాలనర్సయ్య పెదాలు కదులుతూనే ఉన్నాయి. వేళ్ళు గాల్లో పన్ను చూపిస్తూనే ఉన్నాయి. ఒక్క ముక్క... ఒక్క ముక్క కూడా వినపడడం లేదు! కమలాకర్ అతని నోటి దగ్గర చెవి పెట్టాడు. కాగితం మీద పెన్ను కదలడం లేదు.

బయట పరిగెడుతున్న జనం బాబీనీ అతని మనుషుల్నీ పక్కకి నెట్టేశారు. నిహారిక ముసలాడి కాలర్ పట్టుకుంది. లాగింది. మోచేతి నుంచి కారిన రక్తం అతని చొక్కాకి అంటుకుంది. అతను ఆమె మొహమ్మీదే ఏదో అరుస్తున్నాడు. తిట్టే. సందేహం లేదు.

ఆమె అతన్ని మెట్ల వైపు ఈడ్చుకుపోతూనే ఉంది.